అడగని మూడో ప్రశ్న

దెయ్యం పట్టిన కంప్యూటర్లను బాగుచేయడం నా పని. నవ్వులాటకు అనడం లేదు. నంద్యాలలో నాకు చాలా ఏళ్లుగా కంప్యూటర్ రిపేరు షాపు ఉంది. "దానంతట అదే ఆన్ అవుతాందన్నా", "లోపల ఏందో మూలుగుతాంది" అంటూ నెలకొకరైనా వస్తారు. విప్పి చూస్తే వదులైన వైరో, ఫ్యానులో ఇరుక్కున్న బల్లిపిల్లో బయటపడుతుంది. ఒకాయన మానిటరుకు నిమ్మకాయలు కట్టి మరీ తెచ్చాడు. అవి తీసి పక్కన పెట్టి, ఒక చిన్న పార్టు మార్చి పంపించాను.

మా నాయన మిషన్ స్కూల్లో టీచరు. మా ఇంట్లో రెండు పూటలా ప్రార్థన ఉండేది గానీ దెయ్యం మాట ఉండేది కాదు. అందుకే ఈ సంగతి రాయడానికి ఏడాదికి పైగా తటపటాయించాను. ఇన్నేళ్లలో నేను వెక్కిరించినవాళ్లంతా ఇది చదివి నన్ను వెక్కిరిస్తారు. వెక్కిరించనీ.

షాపు కాకుండా నాకింకో పిచ్చి ఉంది. కంప్యూటర్లో కారు నడిపే ఆట. పిల్లలు ఆడుకునే రకం కాదు. బల్లకు బిగించిన స్టీరింగు, కింద పెడల్స్, నిజం కారులాగే పెట్రోలు తగ్గుతుంది, టైర్లు అరుగుతాయి. నాలుగేళ్ల కింద మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లను పోగేసి ఒక లీగ్ మొదలుపెట్టాను. నెలకొక ఆదివారం మధ్యాహ్నం పన్నెండు నుంచి సాయంత్రం ఆరుదాకా ఆరు గంటల రేసు. ఎవరింట్లో వాళ్లు కూర్చుంటారు, ఇంటర్నెట్‌లో అందరూ ఒకే ట్రాక్ మీద ఉంటారు. కారుకు ఇద్దరు డ్రైవర్లు. ఒకరు దిగితే ఇంకొకరు ఎక్కాలి.

నేను నడపను. నడిపిస్తాను. చర్చి నుంచి నేరుగా షాపుకొచ్చి, షట్టరు సగం దించి, వెనక గదిలో మూడు స్క్రీన్ల ముందు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటాను. ఏ కారు ఎక్కడుందో, ఒక్కో ల్యాపు, అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టు, ఎంతసేపట్లో తిరిగిందో అన్నీ నాకు కనిపిస్తాయి. తప్పు చేసినవాడికి శిక్ష వేసేదీ నేనే. "ఆట పెట్టుకొని పోలీసు ఉద్యోగం చేస్తాండాడు" అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. అబద్ధం కాదు.

పోలీసు ఉద్యోగం ఊరికే రాలేదు. మొదట్లో కొందరు తమ పేరు మీద వేరే ఊరి గట్టి ఆటగాణ్ణి తెచ్చి కూర్చోబెట్టేవాళ్లు. అడిగితే అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. అందుకని తలుపు తనిఖీ అని ఒక పద్ధతి పెట్టాను. ఎవరి మీదైనా అనుమానం వస్తే, దగ్గర్లో ఉండే మా మనిషి బైకు మీద ఆ ఇంటికి పోయి తలుపు తడతాడు. స్టీరింగు ముందు కూర్చున్న ముఖం చూసి నాకు ఫోన్ చేస్తాడు. ఇంటర్నెట్ ఆటకు బైకు మీద తనిఖీ ఏంటని కర్నూలువాళ్లు నవ్వారు. కానీ దొంగాటలు ఆగిపోయాయి.

ఇంకో రెండు నియమాలు కూడా చెప్పాలి. రేసు ఛానెల్లో, అంటే అందరం మైకుల్లో మాట్లాడుకునే లైనులో, సొంత మాటలు మాట్లాడకూడదు. మైకు పాడైతే నా ప్రశ్నకు హెడ్‌లైట్లతో జవాబివ్వాలి. రెండుసార్లు కొడితే అవును, ఒకసారి కొడితే కాదు.

ఇక ఓబులేసు. ఆళ్లగడ్డలో విత్తనాల షాపు. నాతోపాటు డిగ్రీ చదివాడు. ఇరవై ఏళ్లు నిండకముందే షుగరు వచ్చింది. అప్పటినుంచీ మూడు పూటలా ఇంజెక్షన్. కారు నడపడంలో అంత గొప్పవాడేం కాదు. వాడి ల్యాపు టైములు మా ఊరి కరెంటు లాంటివి, ఒకటి ఉన్నట్టు ఇంకొకటి ఉండదు. మూడో మలుపులో గడ్డిలోకి పోకుండా పది ల్యాపులు తిరిగితే మేమంతా చప్పట్లు కొట్టేవాళ్లం. వాడి జోడీ మిడుతూరు సురేంద్ర మాత్రం గట్టి డ్రైవరు. వాళ్లది పదిహేడో నంబరు కారు.

ఓబులేసు నా స్నేహితుడు కాబట్టి వాళ్ల తప్పులు నేను చూసీచూడనట్టు వదిలేస్తానని అంతకుముందు రేసులో ఒక గొడవ అయింది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఈసారి వాణ్ణి అందరికంటే ఎక్కువ కట్టడి చేయాలని ముందే అనుకున్నాను. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీనివల్లే జరిగింది.

అది మే నెల. ఓబులేసు భార్య లక్ష్మీదేవి పిల్లలతో జూపాడు బంగ్లాలోని పుట్టింటికి పోయింది. ఇంట్లో వాడొక్కడే. మొదటి రెండు గంటలు సురేంద్ర నడపాలి, తర్వాత వాడు. కానీ ఒకటిన్నర దాటాక మిడుతూరులో కరెంటు పోయింది. యూపీఎస్ ఉన్న కొద్దిసేపట్లో కారును పిట్‌కు, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటుకు, చేర్చాడు గానీ కరెంటొచ్చేదాకా సురేంద్ర మళ్లీ నడపలేడు. నేను ఛానెల్లో ఓబులేసును పిలిచాను. రెండు నిమిషాల్లో కూర్చోకపోతే శిక్ష పడుతుందని చెప్పాను.

వాడు అప్పుడే ఇంజెక్షన్ వేసుకుని, కంచంలో అన్నం పెట్టుకున్నాడు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది. ఒక్క ముద్ద కూడా తినకుండా వచ్చి కూర్చున్నాడు. ఒకటీ నలభైకి కారు కదిలింది.

గంటసేపు వాడు వాడిలాగే నడిపాడు. రెండుసార్లు గడ్డిలోకి పోయాడు. రెండూ నలభై దాటాక ఛానెల్లో వాడి గొంతు వినిపించింది. మాట కొంచెం ముద్దగా ఉంది.

"ప్రసాదూ, ఒక్క నిమిషం రా..."

"రేయ్, ఛానెల్లో సొంత మాటలొద్దని ఎన్నిసార్లు చెప్పాల?" అన్నాను.

అంతే. మళ్లీ మాట్లాడలేదు.

ఆ తర్వాత ఏం జరిగిందో వరసగా రాస్తాను. టైములన్నీ నా రేసు పుస్తకంలో నా చేతిరాతతో ఉన్నాయి.

మూడు గంటలకు కొద్దిగా ముందు, ల్యాపుల పట్టికలో పదిహేడో నంబరు వరస మీద నా చూపు ఆగింది. 2:06.318. దాని కింద 2:06.318. దాని కింద కూడా అదే. ఆరు ల్యాపులు, సెకనులో వెయ్యో వంతు కూడా తేడా లేదు.

స్క్రీన్ ఇరుక్కుందేమోనని తిరిగి తెరిచాను. అప్పటికి ఏడో ల్యాపు పడింది. 2:06.318.

ఇది ఎంత వింతో ఆట తెలియనివాళ్లకు చెప్పాలి. ఎంత గొప్ప డ్రైవరైనా వరసగా రెండు ల్యాపులు అచ్చుగుద్దినట్టు తిరగలేడు. పెట్రోలు తగ్గేకొద్దీ కారు తేలికవుతుంది, టైర్లు అరిగేకొద్దీ జారుతుంది. దారిలో నెమ్మదిగా పోయే కార్లు అడ్డం వస్తాయి. పదిహేడో నంబరు వాటిని దాటుతూనే ఉంది. ఒకదాన్ని మూడో మలుపులో లోపలి వైపు నుంచి, ఇంకోదాన్ని బయటి వైపు నుంచి. అయినా టైము అదే. డ్రైవరు స్టీరింగు వదిలేస్తే నడపడానికి మా ఆటలో కంప్యూటరు డ్రైవరంటూ ఎవరూ లేరు. వదిలేసిన కారు నాలుగు సెకన్లలో గోడకు తగులుతుంది.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. నా స్నేహితుడే ఏదో దొంగ ప్రోగ్రాం పెట్టాడు, లేకపోతే ఎవణ్ణో తెచ్చి కూర్చోబెట్టాడు అనుకున్నాను. నా పరువు తీయడానికి వీడొక్కడే దొరికాడా అనిపించింది.

పిలిచాను. జవాబు లేదు. మూడూ నాలుగుకు మళ్లీ పిలిచాను. "పదిహేడో నంబరు, నా మాట వినపడతాందా?"

కారు పొడవాటి రోడ్డు మీద ఉంది. హెడ్‌లైట్లు రెండుసార్లు వెలిగాయి. అవును.

మైకు పాడైందన్నమాట అనుకున్నాను. ఒక్క క్షణం నా కోపం తగ్గింది కూడా. అయినా అనుమానం పోలేదు. "కారులో ఉండేది ఓబులేసేనా?" అని అడిగాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో నాకు తెలియదు. దొంగ అయితే మాత్రం కాదని చెబుతాడా?

హెడ్‌లైట్లు ఒక్కసారే వెలిగాయి.

ఇంకోసారి వెలుగుతాయేమోనని చూశాను. వెలగలేదు. కారు మలుపు తిరిగి పోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. పట్టుబడ్డాక కూడా ఎంత పొగరు అనుకున్నాను. ఆ కారుతో మాట్లాడే మైకు ఆపేసి, శిరివెళ్లలో ఉండే మాబాషాకు ఫోన్ చేశాను. ఆళ్లగడ్డ వైపు తలుపు తనిఖీ మనిషి అతనే. "ఓబులేసు ఇంటికి పో. లోపల ఎవడో ఉండాడు. వాని ముఖం ఫోటో తీసి పంపు" అన్నాను. మూడూ ఎనిమిదికి అతను బయలుదేరాడు.

శిరివెళ్ల నుంచి ఆళ్లగడ్డకు ఆ ఎండలో, ట్రాక్టర్లను దాటుకుంటూ ఇరవై నిమిషాల పైనే పడుతుంది. అంతసేపూ నేను ఆ ఒక్క వరసనే చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాలకొకసారి అదే అంకె. పదో ల్యాపు. పన్నెండో ల్యాపు. పదిహేనో ల్యాపు. వేరే కార్లు గుద్దుకుంటున్నాయి, డ్రైవర్లు ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేస్తున్నారు. నాకేమీ పట్టలేదు. దొంగ అయితే ఎందుకు కాదన్నాడు అన్న ఆలోచన వస్తోంది. వచ్చిన ప్రతిసారీ నేనే తోసేశాను.

మూడూ ముప్పై ఒకటికి ఫోన్ మోగింది.

"అన్నా, లోపల గడియ పెట్టుకున్యాడు. తట్టి తట్టి చేతులు నొస్తాండాయి. పలకడంలే. ఆట శబ్దం మాత్రం వస్తాంది."

"కిటికీలోంచి చూడు."

కర్టెన్ అడ్డముంది. ఏదో పుల్లతో తప్పిస్తున్న చప్పుడు నాకు వినిపించింది.

"అన్నా, కుర్చీ ఖాళీగా ఉంది."

నా ముందు స్క్రీన్ మీద, సరిగ్గా అప్పుడే, పదిహేడో నంబరు కారు నాలుగో నంబరును దాటుతోంది.

"కింద పడుండాడన్నా! ఓబులేసన్న కింద పడుండాడు!"

అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట రాయడానికి సిగ్గుగా ఉంది. "మరి కారు తోలేదెవడ్రా?" అన్నాను. బతికున్నాడా అని అడగలేదు.

మాబాషా నన్ను తిట్టాడు. వయసులో నాకంటే చిన్నవాడు, ఎప్పుడూ తిట్టినవాడు కాదు. "నీ కారు గంగలో కలవనీ, ఆయప్పకు షుగరుందని నీకు తెల్దా? బేగా అంబులెన్సుకు చెప్పు!"

చెప్పాను. పక్కిల్లు రాతి విగ్రహాలు చెక్కే ఆచారిది. ఆదివారమైనా పనిలోనే ఉన్నాడు. పెద్ద సుత్తి తీసుకొచ్చి రెండు దెబ్బలు వేస్తే గడియ ఊడిపోయింది. రెండో దెబ్బ ఫోన్లో విన్నప్పుడు నా గడియారంలో మూడూ ముప్పై ఆరు.

వాళ్లు ఓబులేసును ఎత్తి వసారాలోకి తెచ్చారు. ఒళ్లంతా చెమట, పళ్లు గిట్టకరుచుకుని ఉన్నాయి, ఊపిరి ఉంది. ఊపిరి ఉందని మాబాషా అరిచినప్పుడు నేను స్క్రీన్ వైపు చూశాను. ఇరవై మూడు ల్యాపులు ఒకే టైముతో తిరిగిన ఆ కారు వేగం తగ్గించుకుంది. పక్కకు తప్పుకుని, పిట్ దారిలోకి మళ్లింది. అక్కడుండాల్సిన వేగానికి మించకుండా మెల్లగా పోయి, తన గడిలో ఆగింది. ఇంజను ఆగిపోయింది.

నేను హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. కరెంటొచ్చి కాచుకునున్న సురేంద్ర, ఇవేవీ తెలియక, "అన్నా, నేను ఎక్కొచ్చా?" అని అడిగాడు. ఎక్కమన్నాను. రేసును వేరేవాళ్లకు అప్పగించి ఆళ్లగడ్డ బస్సెక్కాను.

ఓబులేసు సాయంత్రానికి కళ్లు తెరిచాడు. ఇంజెక్షన్ వేసుకుని ఏమీ తినకపోవడంతో రక్తంలో చక్కెర మరీ పడిపోయి స్పృహ తప్పిందని డాక్టరు చెప్పాడు. దాదాపు గంటసేపు అలాగే ఉండిపోయాడట. ఇంకో పావుగంట ఆలస్యమైతే చెప్పలేమన్నాడు. ఒక అరగంట ముందొచ్చి ఉంటే ఇంకా బాగుండేదని కూడా అన్నాడు. ఆ రెండో మాట నేనొక్కణ్ణే విన్నాను.

వాడికి గుర్తున్నది కొంచెమే. ఆకలేసింది, చేతులు వణికాయి, నన్ను పిలిచాడు. నేను కసిరాను. పిలిచినట్టు గుర్తుంది, కసిరినట్టు గుర్తులేదన్నాడు. కుర్చీలోంచి పడిన సంగతి అసలే తెలియదు.

తర్వాతి వారం వాడి కంప్యూటరు నా షాపుకు తెచ్చుకుని, బోల్టుబోల్టూ విప్పాను. దొంగ ప్రోగ్రాం లేదు. బయటి నుంచి ఎవరూ అందులోకి దూరలేదు. ఆ నలభై ఎనిమిది నిమిషాలూ కారును నడిపిన కదలికలు ఆ గదిలోని స్టీరింగు నుంచీ, ఆ గదిలోని పెడల్స్ నుంచే వచ్చాయని ఆట రికార్డు చెబుతోంది. ఇంటర్నెట్ ఇరుక్కుని పాత ల్యాపే తిరిగి తిరిగి పడిందేమో అని కొందరన్నారు. పాత ల్యాపు ముందున్న కారును చూసి బ్రేకు వేయదు. ఆ టైము ఎవరిదో వెతికాను. నాలుగేళ్ల రేసుల్లో ఎవరూ ఎప్పుడూ ఆ టైముతో తిరగలేదు.

ఆచారిని అడిగాను. ఆయన ఒక్కసారే చెప్పాడు, మళ్లీ అడిగితే చెప్పలేదు. "చక్రం తిరుగుతాండె. కింద పెడలు పైకీ కిందికీ ఆడుతాండె. ఆయప్ప కాళ్లేమో తలుపు కాడుండె." స్టీరింగులో మోటారు ఉంటుంది, ఎవరూ పట్టుకోకపోయినా తిరుగుతుంది. దానికి నేను కారణం చెప్పగలను. పెడల్‌లో మోటారు లేదు. మాబాషా మాత్రం తనకు కింద పడున్న మనిషి తప్ప ఇంకేమీ కనపడలేదన్నాడు.

ఆ రేసులో పదిహేడో నంబరు మూడో స్థానంలో వచ్చింది. పేరు నమోదు కానివాళ్లు నడిపితే ఆ కారును తీసేయాలి, అది నేను రాసిన నియమమే. సురేంద్ర గొడవపడ్డాడు. ఓబులేసు మంచం మీది నుంచే తేల్చేశాడు. "నేను తోల్లేదు గదప్పా. తీసెయ్." తీసేశాను. నడిపినవారి పేరు రాయాల్సిన చోట ఏం రాయాలో తెలియక, తెలియదు అనే రాశాను.

ఊరంతా నన్ను మెచ్చుకుంది. నంద్యాలలో కూర్చుని ఆళ్లగడ్డలో ప్రాణం కాపాడాడన్నారు. లక్ష్మీదేవి మా ఇంటికొచ్చి నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను తట్టుకోలేకపోయాను. మాబాషాను పంపింది కాపాడడానికి కాదమ్మా, నీ మొగుణ్ణి దొంగగా పట్టుకోవడానికి అని చెప్పేశాను.

ఆమె నా చేతులు వదిలేసింది. "ఆయప్ప నీకు దొంగ మాదిరి కనపడినాడా అన్నా?" అంది. తెచ్చిన పండ్లు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. ఇప్పటికీ మాట్లాడుతుంది గానీ, ఆ రోజుకు ముందు మాట్లాడినట్టు కాదు.

ఓబులేసు షాపు నడుపుకుంటున్నాడు. కానీ కొన్ని పేర్లు వెంటనే నోటికి రావు. రోజూ అమ్మే విత్తనాల పేర్లే మరిచిపోయి, పాకెట్టు తిప్పి చదువుతాడు. ఒకరోజు నా పేరు కూడా రాలేదు. నవ్వేశాడు. నేను నవ్వలేకపోయాను.

ఆ రేసు రికార్డింగు నా దగ్గరుంది. ఎవరూ లేని మధ్యాహ్నాలు షాపులో కూర్చుని అప్పుడప్పుడూ పెట్టుకుంటాను. కారు పొడవాటి రోడ్డు మీదికి వస్తుంది. నా గొంతు ఒక ప్రశ్న అడుగుతుంది, లైట్లు రెండుసార్లు వెలుగుతాయి. రెండోది అడుగుతుంది, ఒకసారి వెలుగుతాయి. అక్కడ నేను ఆపుతాను. ఓబులేసు బాగుండాడా అని ఇంకొక్క మాట అడిగి ఉంటే, ఏ జవాబు వచ్చేదో నాకు అనుమానం లేదు. మూడూ నాలుగుకే పక్కింటి ఆచారి తలుపు పగలగొట్టేవాడు.

ఆ కారు నడిపింది ఎవరో, ఏమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. దానికి అబద్ధమాడే అవసరం లేకపోయింది. నేనడిగిన రెండింటికీ నిజమే చెప్పి, మూడోదాని కోసం ఇంకో పదిహేను ల్యాపులు తిరిగింది. నేను మైకు ఆపేసుకుని కూర్చున్నాను.